‘సీరియస్‌గా’ అనే ఒక్క మాట: ఒక నర్సు ఇంగ్లీషు ఉత్తరాలపై కేస్ స్టడీ

నేపథ్యం

పర్లాకిమిడిలో పద్నాలుగేళ్ళుగా ఇంగ్లీషు రాత నేర్పుతున్నాను. నా దగ్గరకు వచ్చేవారిలో సగానికి పైగా తెలుగు ఇంట్లో పుట్టి, ఒడియా బడిలో చదివి, ఉద్యోగం కోసం ఇంగ్లీషు పరీక్ష రాయవలసి వచ్చినవారే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడిన నాటి నుంచి ఇంటి భాష ఒకటీ, బడి భాష మరొకటీ కావడం ఇక్కడి తెలుగువారికి మామూలు సంగతి. పాతపట్నం వైపు దాటితే దుకాణాల బోర్డులు తెలుగులోకి మారతాయి, ఇటు వస్తే ఒడియాలోకి మారతాయి, రెండు వైపులా మాట మాత్రం ఒకేలా వినిపిస్తుంది.

ఈ కేసులోని అభ్యాసకురాలు ముప్పైకి దగ్గరపడుతున్న నర్సు. గజపతి, రాయగడ జిల్లాల మధ్య ఒక ఊరివారు. ఇంట్లో తెలుగు, పదో తరగతి దాకా ఒడియా, జీఎన్‌ఎమ్ అనే నర్సింగ్ డిప్లొమా కోర్సు ఇంగ్లీషు పుస్తకాలతో, ఆస్పత్రిలో డాక్టర్లతో సగం హిందీ, సగం ఇంగ్లీషు. విదేశంలో ఉద్యోగానికి ఓఈటీ, అంటే వైద్యరంగంలో పనిచేసేవారికి పెట్టే ఇంగ్లీషు పరీక్ష రాస్తున్నారు. ఆమె అనుమతితోనే ఇది రాస్తున్నాను. వయసు, ఆస్పత్రి, వెళ్ళదలచిన దేశం వంటి వివరాలను వదిలేశాను, కొన్నిటిని మార్చాను. తప్పు వాక్యాలు మాత్రం ఆమెవే, ఎందుకంటే వాటిని మారిస్తే ఈ కేసులో చెప్పడానికి ఏమీ మిగలదు.

ఓఈటీలో నర్సులకు రాత పరీక్ష అంటే ఒక ఉత్తరం. రోగి వివరాల కాగితాన్ని అయిదు నిమిషాలు చదువుకుని, నలభై నిమిషాల్లో దాదాపు 180 నుంచి 200 మాటల్లో ఇంకో డాక్టరుకో, నర్సుకో రాయాలి. 500కు 350 వస్తే బి గ్రేడు, 300 నుంచి 340 దాకా సి ప్లస్. ఆమెకు బి కావాలి. మొదటిసారి 310, రెండోసారి 320 వచ్చాయి. చదవడం, వినడం, మాట్లాడటం మూడింటిలోనూ బి వచ్చిన మనిషి రాత దగ్గరే ఆగిపోవడం నాకు మొదటి నుంచీ ఆసక్తి కలిగించింది.

సమస్య

ఆమె తెచ్చిన పన్నెండు సాధన ఉత్తరాలను వరుసగా చదివాను. వ్యాకరణం మరీ అధ్వానంగా లేదు, పేరాల విభజన బాగుంది, దస్తూరి చూడముచ్చటగా ఉంది. కానీ దాదాపు ప్రతి ఉత్తరంలోనూ ‘సీరియస్‌లీ’ అనే మాట నాలుగైదు సార్లు కనిపించింది, ఒకదానిలో ఏడు సార్లు. ‘పేషెంట్ వాజ్ సీరియస్‌లీ అడ్మిటెడ్’, ‘హిజ్ కండిషన్ ఈజ్ సీరియస్‌లీ’, ‘ద డాక్టర్ సీరియస్‌లీ టోల్డ్ హిజ్ సన్’, ‘ఐ సీరియస్‌లీ రిక్వెస్ట్ యూ’, ‘కైండ్లీ టేక్ ఇట్ సీరియస్‌లీ’. ఒక చోట ‘ద డాక్టర్ బికేమ్ సీరియస్’ అని ఉంది. చెప్పదలచుకున్నది డాక్టరుకు కోపం వచ్చిందని. మన ఆస్పత్రుల ఇంగ్లీషుకు అలవాటుపడినవాడు చదివితే డాక్టరునే ఐసీయూలో చేర్చారేమో అనుకుంటాడు, ఇంగ్లండులో పుట్టినవాడు చదివితే డాక్టరు అప్పటిదాకా జోకులు వేస్తున్నాడేమో అనుకుంటాడు.

వీటిలో ‘రిక్వెస్ట్’, ‘టేక్ ఇట్’ ఉన్న రెండు వాక్యాల గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే అవి తప్పులుగా కనిపించవు. ‘టేక్ ఇట్ సీరియస్‌లీ’ అన్నది ఇంగ్లీషులో శుద్ధమైన ప్రయోగమే. కానీ ఒక నర్సు తనకు పరిచయం లేని డాక్టరుకు ‘దయచేసి దీన్ని సీరియస్‌గా తీసుకోండి’ అని రాస్తే, తీసుకోరేమోనన్న అనుమానం ఆ మాటలోనే ఉంటుంది. ఆమె ఉద్దేశం వినయం, చదివేవారికి చేరేది నింద. ‘సీరియస్‌లీ రిక్వెస్ట్’ అయితే ఇంగ్లీషువాళ్ళు అసలు రాయరు. ఆ క్రియ పక్కన పాత అర్జీల భాషలో ‘ఎర్నెస్ట్‌లీ’ అనే మాట కూర్చునేది, ఇప్పుడు అదీ అరుదే.

మొదటి ప్రయత్నం

నేను మొదట చేసిన నిర్ణయం తొందరపాటుది. ఒకే మాట పదే పదే వస్తోంది కాబట్టి ఇది పదసంపద కొరత అనుకున్నాను. పర్యాయపదాల కాగితం ఒకటి ఇచ్చాను: గ్రేవ్‌లీ, సాలమ్‌లీ, ఎర్నెస్ట్‌లీ, సివియర్‌లీ, క్రిటికల్‌లీ. ఒక్కోదానికి పక్కన తెలుగు అర్థం రాశాను. ఆ అర్థాల్లో మూడింటికి ‘గంభీరంగా’ అనే రాసినట్టు తర్వాత చూసుకుంటే తెలిసింది. నిఘంటువులు కూడా అలాగే రాస్తాయి. కానీ అది నాకు సాకు కాదు.

వారం తర్వాత వచ్చిన ఉత్తరాల్లో ‘సీరియస్‌లీ’ ఒక్కటీ లేదు. బదులుగా ‘ద పేషెంట్ ఈజ్ సాలమ్‌లీ ఇల్’ అని ఒకచోట, ‘హి గ్రేవ్‌లీ ఆస్క్‌డ్ ఫర్ వాటర్’ అని ఇంకోచోట, ‘హి వాజ్ ఎర్నెస్ట్‌లీ ఇంజర్డ్’ అని మరోచోట ఉన్నాయి. మంచినీళ్ళు అడగడానికి అంత గాంభీర్యం ఎందుకో, దెబ్బ తగలడానికి చిత్తశుద్ధి ఎందుకో. పాత ఉత్తరాలు చదివితే కనీసం భావం అందేది, ఇవి చదివితే నవ్వు వస్తోంది. పరిస్థితిని నేనే పాడుచేశాను.

అయితే ఆ తప్పుల్లో ఒక క్రమం కనిపించింది. ఏ మాటనైనా ఏ క్రియ పక్కనైనా పెట్టవచ్చని ఆమె అనుకుంటున్నారు, ఎందుకంటే నా కాగితం అదే చెప్పింది. ఇంగ్లీషులో ఈ మాటలు ఒకదాని బదులు ఒకటి వాడుకునేవి కావు. వాటి పుట్టుకలు కూడా వేర్వేరు. ‘గ్రేవ్’ అన్నది లాటిన్‌లో బరువు అనే అర్థమున్న ‘గ్రావిస్’ నుంచి వచ్చింది. ‘సాలమ్’ అన్నది కట్టుబాటుగా జరిగే మతకర్మను సూచించే లాటిన్ మాట నుంచి వచ్చింది. ‘ఎర్నెస్ట్’ పాత ఇంగ్లీషు మాట. ఈ వివరాలన్నీ ఆమెకు చెప్పాలా వద్దా అని ఆలోచించి, అప్పటికి చెప్పకూడదనుకున్నాను. పరీక్ష పది వారాల్లో ఉంది, నిరుక్తం నాకు ఇష్టమే గానీ ఆమెకు బి గ్రేడు కావాలి.

రెండో ప్రయత్నం

ఇంగ్లీషు రచయితలకు ఇచ్చే సలహాల్లో క్రియావిశేషణాలను కొట్టిపారేయమన్నది బాగా పాతది. సంభాషణ చివర ‘అని గంభీరంగా అన్నాడు’ తరహా తోకలు తగిలించడం వెనుకటి నవలల్లో విరివిగా ఉండేది, ఇప్పటివారు సంభాషణే ఆ బరువు మోయాలంటారు. ఆ సలహాను ఈ కేసుకు అన్వయించి, బరువును తెలిపే ప్రతి క్రియావిశేషణాన్నీ తీసేసి రాయమన్నాను. నా తర్కం ఇది: తప్పు మాట వాడటం కన్నా ఏ మాటా వాడకపోవడం మేలు, పైగా సంక్షిప్తతకు ఓఈటీలో విడిగా మార్కులున్నాయి.

ఉత్తరాలు శుభ్రపడ్డాయి, చప్పబడ్డాయి. ఊపిరి అందక చేరిన అరవై ఎనిమిదేళ్ళ గుండెజబ్బు రోగి గురించి రాసిన ఉత్తరం, మోకాలి నొప్పికి మందు మార్చమని రాసినట్టుంది. ఆ పరీక్షలో మొదట చూసేది ఉత్తరం ఎందుకు రాశారో చదివేవారికి వెంటనే అందుతోందా అన్నదే, తొందర పని అయితే ఆ తొందర మొదటి పేరాలోనే తెలియాలి. క్రియావిశేషణంతో పాటు నేను ఆ తొందరనూ తీయించేశాను. ఆమె దీన్ని నాకన్నా ముందే పసిగట్టారు. “ఇలా రాస్తే ఆ డాక్టరు టీ తాగొచ్చి చూస్తాడు మాస్టారూ” అన్నారు.

ఆ మాట విన్నాక నేను ఒప్పుకోవలసినది ఒకటుంది. ఆమె ‘సీరియస్‌లీ’ని అలవాటుగా వాడటం లేదు, అవసరంగా వాడుతున్నారు. ఉత్తరంలో ఎక్కడ బరువు ఉండాలో ఆమెకు సరిగ్గా తెలుసు, అక్కడే ఆ మాట పెడుతున్నారు. కాబట్టి ఆమె తప్పులను వరుసలో పెడితే బరువు ఉండవలసిన చోట్ల పటం ఒకటి తయారవుతుంది. దాన్ని చెరిపేయడం నేను చేసిన రెండో పొరపాటు.

మలుపు

దారి అనుకోకుండా దొరికింది. క్లాసు మధ్యలో ఆమె ఫోనుకు ఎవరో స్నేహితురాలు ఏదో పంపితే, ఆమె ‘సీరియస్‌లీ?’ అని ఒక్క మాట కొట్టి ఫోను పక్కన పెట్టారు. ఏం రాశారని అడిగాను. తెలుగులో చెప్పమంటే “నిజంగానా అని” అన్నారు. ‘సీరియస్‌గానా’ అని కాదు, ‘నిజంగానా’ అని. అదే మాటను వాక్యానికి బయట, ఆశ్చర్యానికీ అపనమ్మకానికీ వాడినప్పుడు ఆమె అర్థాన్ని తప్పకుండా పట్టుకున్నారు. ఆ వాడుకలో గాంభీర్యం ఏ కోశానా లేదని కూడా ఆమెకు తెలుసు. అంటే ఇంగ్లీషు మాటకు ఒకటి కన్నా ఎక్కువ పనులున్నాయని నేను నేర్పనక్కరలేదు. ఆస్పత్రి ఉత్తరం రాసేటప్పుడు మాత్రం ఆ వివేకం పనిచేయడం లేదు. ఎందుకు?

ఆ రోజు మిగిలిన క్లాసంతా తెలుగులోనే గడిపాము. ‘సీరియస్’ అన్న మాట వాడకుండా ఆమె ఉత్తరాల్లోని వాక్యాలను తెలుగులో చెప్పమన్నాను. మొదట “సీరియస్ అంటే సీరియస్సే గదా మాస్టారూ, ఇంకేటి చెప్తాం” అన్నారు. నేను పట్టువదలలేదు. అప్పుడు ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. ‘పేషెంట్‌కి సీరియస్‌గా ఉంది’ అన్నది ‘ప్రాణం మీదికి వచ్చింది’ అయింది. ‘డాక్టరు సీరియస్ అయ్యారు’ అన్నది ‘కేకలేశారు’ అయింది. ‘కొడుక్కి సీరియస్‌గా చెప్పారు’ అన్నది ‘నచ్చజెప్పి గట్టిగా చెప్పారు’ అయింది. ‘మందులు సీరియస్‌గా వాడటం లేదు’ అన్నది ‘శ్రద్ధగా వాడటం లేదు’ అయింది. ‘సీరియస్‌గా రిక్వెస్ట్ చేస్తున్నా’ దగ్గర ఆమె చాలాసేపు ఆలోచించి, ‘తొందరగా చూడమంటున్నా’ అన్నారు. అయిదు వాక్యాలకు అయిదు వేర్వేరు తెలుగు మాటలు. ఆ తేడాలన్నీ ఆమె దగ్గర ముందే ఉన్నాయి, అరువు మాట వచ్చి వాటన్నిటి మీదా ఒకే దుప్పటి కప్పింది.

ఇందులో మన ప్రత్యయం పాత్ర కూడా ఉంది. తెలుగులో ‘గా’ రెండు పనులు చేస్తుంది. ‘శ్రద్ధగా చదివాడు’ అన్నప్పుడు అది క్రియను విశేషిస్తుంది, ‘ఆరోగ్యంగా ఉన్నాడు’ అన్నప్పుడు మనిషి స్థితిని చెబుతుంది. ఇంగ్లీషు రెండో చోట విశేషణాన్నే వాడుతుంది, ‘లీ’ తగిలించదు. ‘హిజ్ కండిషన్ ఈజ్ సీరియస్‌లీ’ అన్న వాక్యం ఆ ‘గా’కు ‘లీ’ని జతకట్టడం వల్ల పుట్టింది. అదే సంగతిని ఒడియాలో ‘సీరియస్ అఛి’ అంటారు, అక్కడ ప్రత్యయం లేదు. ఆ వాక్యాన్ని ముందు ఒడియాలో అనుకుని రాసి చూడమన్నాను, ‘లీ’ రాలిపోయింది. బడి భాష ఇంటి భాష చేసిన తప్పును దిద్దడం నేను అంతకుముందు చూడలేదు.

గంభీరంగా గాయపడటం

తర్వాతి క్లాసుకు ఒక తెలుగు దినపత్రిక, ఒక ఒడియా పత్రిక, ఒక హిందీ పత్రిక తెచ్చి, రోడ్డు ప్రమాదాల వార్తలు మాత్రం చదవమన్నాను. ఒడియాలో ‘గురుతర ఆహత’ అని ఉంది. హిందీలో ‘గంభీర్ రూప్ సే ఘాయల్’ అని ఉంది. తెలుగులో ‘తీవ్రంగా గాయపడ్డారు, ఒకరి పరిస్థితి విషమంగా ఉంది’ అని ఉంది. మూడు భాషలు మూడు వేర్వేరు మాటలు ఎంచుకున్నాయి. హిందీ వాక్యాన్ని మాటకు మాట తెలుగులోకి మార్చి ‘గంభీరంగా గాయపడ్డాడు’ అని బోర్డు మీద రాశాను. ఆమె పగలబడి నవ్వారు. “గంభీరంగా గాయపడటం ఏటి మాస్టారూ, మీసం మెలేసుకుని పడిపోయినట్టు!”

ఆ నవ్వే నాకు కావలసినది. ‘సాలమ్‌లీ ఇల్’ అని ఆమె రాసినప్పుడు ఇంగ్లీషు చదివేవారికి కలిగేది సరిగ్గా ఇదే అని చెప్పాను. అంతకుముందు నేను తప్పు అన్న ప్రతిసారీ ఆమె దాన్ని నియమంగా రాసుకునేవారు, ఈసారి చెవితో విన్నారు. ఒక మాట ఒక క్రియ పక్కన ఎందుకు కుదరదో మాతృభాషలో ఒకసారి నవ్వుకున్నవారికి పరభాషలో చెప్పడం తేలిక. ఒడియా ‘గురుతర’లోని ‘గురు’ అంటే బరువైనది, లాటిన్ ‘గ్రావిస్’కూ సంస్కృత ‘గురు’కూ మూలం ఒకటే. అప్పుడు మాత్రం ఆగలేక ఆ నిరుక్తం చెప్పేశాను. ‘గ్రేవ్‌లీ ఇల్’ ఎందుకు కుదురుతుందో, ‘సాలమ్‌లీ ఇల్’ ఎందుకు కుదరదో ఆమెకు ఆ ఒక్క మాటతో తెలిసిపోయింది.

‘సాలమ్‌లీ’కి కూడా ఆమె అనుభవంలోనే చోటు దొరికింది. ఇంట్లో కులధ్రువపత్రం కోసం నోటరీ దగ్గర చేయించిన అఫిడవిట్ ఉంది. దాని మొదటి వాక్యంలోనే ‘డూ హియర్‌బై సాలమ్‌లీ అఫర్మ్’ అని ఉంటుంది. కోర్టు సాక్షులకు 1969 నాటి ప్రమాణాల చట్టంలో ఉన్న పాఠంలోనూ, దేవుని పేరు చెప్పనివారికి అదే మాట. మన రాజ్యాంగ ప్రవేశికలో ప్రజలు తీర్మానించుకునేది కూడా ‘సాలమ్‌లీ’యే. 1955 హిందూ వివాహ చట్టంలో పెళ్ళి జరగడానికి వాడిన క్రియ కూడా ఈ వేరు నుంచి పుట్టినదే. అంటే ఆ మాట ఉన్నచోట సాక్షులు, కట్టుబాటు, ఒక తంతు ఉంటాయి. జబ్బుపడటానికి తంతు ఏముంటుంది? ఆమె దాన్ని ఒక్క ముక్కలో చెప్పుకున్నారు: నోటరీ ఉంటేనే ‘సాలమ్‌లీ’. నిఘంటుకారులు ఒప్పుకోకపోవచ్చు, ఎందుకంటే చిన్నపిల్లవాడు తల ఆడించడానికి కూడా ఇంగ్లీషు కథల్లో ఆ మాట వాడతారు. అయినా ఆమె పనికి ఆ గుర్తు చాలు, దిద్దలేదు.

దీని తర్వాత ప్రతి వాక్యం దగ్గరా ఒకే ప్రశ్న అడగడం అలవాటు చేశాను: ఈ వాక్యంలో బరువు ఎవరి మీద ఉంది? మాట్లాడే మనిషి ముఖంలో ఉంటే ‘గ్రేవ్‌లీ’, కొన్నిసార్లు ‘సీరియస్‌లీ’, క్రియ తర్వాత వస్తుంది. జబ్బు మీద ఉంటే ‘సీరియస్‌లీ ఇల్’, ‘గ్రేవ్‌లీ ఇల్’, ‘క్రిటికల్‌లీ ఇల్’లలో ఒకటి, విశేషణానికి ముందు వస్తుంది. కోరేవారి మనసులో ఉంటే ‘ఎర్నెస్ట్‌లీ’. రాసేవారు తన మాటను తానే నొక్కి చెబుతుంటే ‘సీరియస్‌లీ’ వాక్యం మొదట్లో కామాతో వస్తుంది, అది కబుర్లకే తప్ప ఆస్పత్రి ఉత్తరానికి పనికిరాదు. ‘సీరియస్‌లీ, హి సెడ్ ఇట్’ అన్నదీ, ‘హి సెడ్ ఇట్ సీరియస్‌లీ’ అన్నదీ ఒకటి కావని ఆమె ఇప్పుడు తడుముకోకుండా చెప్పగలరు: మొదటిది ‘ఒట్టు, అన్నాడు’, రెండోది ‘నవ్వకుండా అన్నాడు’.

ఆస్పత్రి ఉత్తరంలో బరువు

భాష కుదుటపడ్డా ఉత్తరం ఇంకా కుదరలేదు. ఇక్కడ నా నేర్పు కన్నా ఆమె వృత్తి ఎక్కువ ఉపయోగపడింది.

మన వైపు ‘సీరియస్’ అంటే ఇక చివరి మెట్టు. సీరియస్ అని చెప్పి బరంపురం మెడికల్ కాలేజీకో, విశాఖ కేజీహెచ్‌కో రాసేశారంటే ఇంట్లో ఏడుపులు మొదలవుతాయి. అమెరికా ఆస్పత్రులు రోగి స్థితిని బయటివారికి చెప్పడానికి వాడే వరుసలో ‘సీరియస్’ పైన ‘క్రిటికల్’ అనే మెట్టు ఇంకొకటి ఉంది. మన ‘సీరియస్’ అక్కడి ‘క్రిటికల్’కు దగ్గర. ఆమె ‘సీరియస్’ అని రాసిన చోట తీవ్రతను ఎక్కువ చేస్తున్నానని అనుకుంటున్నారు, చదివేవారు ఒక మెట్టు తగ్గించి అర్థం చేసుకునే వీలుంది.

‘సీరియస్’కూ ‘సివియర్’కూ ఉన్న తేడా ఇంకా ముఖ్యం. మందుల దుష్ఫలితాల గురించి ఔషధ నియమాలను దేశాల మధ్య ఏకం చేసే ఐసీహెచ్ అనే సంస్థ 1994లో వెలువరించిన ఈ2ఏ మార్గదర్శకంలో ఈ రెండు మాటలూ ఒకటి కావని స్పష్టంగా ఉంది. ‘సివియర్’ అన్నది బాధ ఎంత తీవ్రంగా ఉందో చెబుతుంది. ‘సీరియస్’ అన్నది దాని ఫలితం ఏమిటో చెబుతుంది: మరణం, ప్రాణాపాయం, ఆస్పత్రిలో చేరవలసి రావడం, వైకల్యం వంటివి. భరించలేని తలనొప్పి ‘సివియర్’ అవుతుంది, అంతమాత్రాన ‘సీరియస్’ కాదు. ఇది చెబుతుండగానే ఆమె, మన దేశంలో 2010లో మొదలైన ఫార్మకోవిజిలెన్స్ (మందుల దుష్ఫలితాల నమోదు) కార్యక్రమపు ఫారంలో ‘సీరియస్’ అని టిక్ పెడితే కింద కారణం కూడా అడుగుతారని గుర్తుచేసుకున్నారు. తాను ఆ గడులు ఎన్నోసార్లు నింపారు. ఆ ఫారంలోని మాటా, తన ఉత్తరంలోని మాటా ఒకటేనని ఎన్నడూ అనుకోలేదన్నారు.

ఆ ఫారం చూపిన దారినే ఉత్తరంలోకి తెచ్చాము. ‘సీరియస్’ అని రాయాలనిపించిన ప్రతిచోటా ‘ఎందుకు’ అనే గడి ఉందనుకుని, దానిలో ఏం రాస్తారో అదే ఉత్తరంలో రాయమన్నాను. గుండెజబ్బు రోగి మళ్ళీ వచ్చాడు. ఈసారి ‘నిమిషానికి 28 శ్వాసలు, గదిగాలి మీద ఆక్సిజన్ 88 శాతం, నాడి 118, బీపీ 92/60’ అని వచ్చింది. బ్రిటన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో ప్రవేశపెట్టి 2017లో సవరించిన, శ్వాస, నాడి వంటి కొలతలకు మార్కులు వేసి ప్రమాదాన్ని అంచనా కట్టే ‘న్యూస్’ పద్ధతిలో ఈ అంకెలకు 10 వస్తుంది, 7 వచ్చినా చాలు, అత్యవసర స్పందన కావాలి. ఆ పద్ధతి తెలిసిన నర్సు ఈ నాలుగు అంకెలు చూశాక ఏ క్రియావిశేషణం కోసమూ ఎదురుచూడదు. అంకెలు లేని చోట, అంటే రోగి భయం, ఇంట్లోవాళ్ళ ఆందోళన వంటి సంగతుల దగ్గర మాత్రం మాటను ఉంచాము. రెండో ప్రయత్నంలో నేను అన్నిటినీ కొట్టేయించడానికీ, దీనికీ తేడా ఇదే: ఇప్పుడు ప్రతి మాట బదులు ఏం నిలబడుతుందో ముందే తెలుసు.

విన్నపం పేరా చివరి దాకా మొండికేసింది. సమయం మించిపోతున్నప్పుడు ఆమె కలం మళ్ళీ ‘సీరియస్‌లీ రిక్వెస్ట్’ వైపు వెళ్ళేది. అప్పటికి మూడు వారాలే ఉన్నాయి. ఇక్కడ అర్థం వివరించడం మానేసి ఒక మొరటు నియమం పెట్టాను: చివరి పేరాలో గడియారం ఉండాలి. ‘ఈ రోజే’, ‘24 గంటల్లో’, ‘వచ్చే సోమవారం లోపు’. ఆమే తెలుగులో ‘తొందరగా చూడమంటున్నా’ అన్నారు కాబట్టి, ఆ తొందరకు ఒక కాలం తగిలించడం ఆమెకు అతికింది. ఇంగ్లీషు ఆస్పత్రి ఉత్తరాల్లో విన్నపానికి బలం ఎక్కువగా అలాగే వస్తుంది. ఎంత గట్టిగా అడుగుతున్నామన్నది కాదు, ఎప్పటిలోగా కావాలన్నది.

ఫలితం, నేను మార్చుకున్నవి

మూడోసారి రాతలో 370 వచ్చింది. దీన్ని ఒక్క క్రియావిశేషణం ఖాతాలో వేయడం న్యాయం కాదు. ఆ పది వారాల్లో ఆమె రాసిన ఉత్తరాలు యాభైకి తక్కువ కావు, పరీక్షకు నెల ముందు రాత్రి డ్యూటీలు మానుకుని నిద్రపోయారు కూడా. నాకు కచ్చితంగా తెలిసినది ఇంతే: ఆఖరి పది సాధన ఉత్తరాల్లో ‘సీరియస్‌లీ’ రెండుసార్లు వచ్చింది, రెండుసార్లూ ‘ఇల్’ ముందే ఉంది.

నేను ఆ పర్యాయపదాల కాగితాన్ని ఇవ్వడం మానేశాను. ఇప్పుడు కొత్తవారికి ఇచ్చే మొదటి పని, అరువు మాట లేకుండా తమ వాక్యాన్ని తమ ఊరి తెలుగులో చెప్పడం. దీని మీద అభ్యంతరాలు వస్తాయి. ఇంగ్లీషు నేర్పేచోట తెలుగు ఎందుకని తల్లిదండ్రులు అడుగుతారు. ఇదే ఊళ్ళో బడిపంతులుగా ఉంటూ, సవర పిల్లలకు చదువు చెప్పడానికి ముందు తానే సవర భాష నేర్చుకున్న గిడుగు రామమూర్తి పంతులు గారిని వాళ్ళకు గుర్తుచేస్తాను. వినేవాళ్ళు వింటారు, మిగిలినవాళ్ళు పిల్లల్ని ఇంకో చోట చేర్పిస్తారు.

ఈ పద్ధతి అందరికీ కుదరలేదని కూడా రాయాలి. తర్వాతి బ్యాచిలో గుణుపురం వైపు నుంచి వచ్చిన ఒక కుర్రాడు పూర్తిగా ఇంగ్లీషు మీడియంలో చదివినవాడు. ‘సీరియస్’ లేకుండా తెలుగులో చెప్పమంటే అతనికి ‘క్రిటికల్’ వచ్చింది, అది కూడా వద్దంటే ‘ఎమర్జెన్సీ’ వచ్చింది. అతనికి దుప్పటి తీస్తే కింద ఏమీ లేదు. అతనితో తెలుగు పత్రికలో ప్రమాదాల వార్తలు చదివిస్తూ ‘తీవ్రం’, ‘విషమం’ దగ్గర నుంచి మొదలుపెట్టాను, ప్రస్తుతం అక్కడే ఉన్నాము.